దేవుడు నన్ను ఇలాగే ఒప్పుకుంటాడా? – తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయవాడలో ఒక కతోలిక విచారణలో (పారిష్‌లో) ఆదివారాలు పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతాను. తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజులు) ధ్యానాల్లో ఫాదర్‌గారు "దేవుడు నిన్ను బేషరతుగా ప్రేమిస్తున్నాడు" అని చెప్పిన రోజు సాయంత్రం నుంచే నాకు వాట్సాప్ మెసేజీలు మొదలవుతాయి. కొందరు పూజ అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆపి అడుగుతారు. ఏటా అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు వెళ్లిపోండి. నేను గురువును, అంటే ఫాదర్‌ను, కాను. సొంత జీవితానికి సంబంధించిన చిక్కు ఏదైనా ఉంటే మీ విచారణ గురువులతో ఎదురుగా కూర్చుని మాట్లాడటమే మంచిది.

## ప్రసంగం విన్న రోజు

"బేషరతు ప్రేమ" అంటే ఒక్క ముక్కలో ఏంటండీ?

ప్రేమ ముందు, మార్పు తర్వాత. మనం బాగుపడ్డాక దేవుడు ప్రేమించడం మొదలుపెట్టడు. ఆయన ముందే ప్రేమిస్తున్నాడు కాబట్టే మనకు బాగుపడే శక్తి వస్తుంది. నిజానికి "బేషరతు" అనే మాట బైబిల్లో లేదు, ప్రసంగాల్లోకి వచ్చి చేరింది. బైబిల్ అదే సంగతిని వరస పెట్టి చెబుతుంది. మనం దేవుణ్ని ప్రేమించామని కాదు, ఆయనే మనల్ని ప్రేమించాడు అంటాడు యోహాను తన మొదటి లేఖ 4వ అధ్యాయంలో. మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడు అంటాడు పౌలు (రోమీయులు 5:8). ఆ "ఇంకా" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి.

మన ఊరి పిల్లలకి ఇది బుర్రకెక్కించడం కష్టం. ఇంటర్ చదివే పిల్లల్ని ఒకసారి అడిగాను, "మీ అమ్మానాన్న మిమ్మల్ని ఎప్పుడు బాగా ముద్దుగా చూస్తారు?" అని. హాస్టల్లో ఉండే ఒకబ్బాయి తడుముకోకుండా "వీకెండ్ టెస్టులో మార్కులు వచ్చినప్పుడు" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు గానీ కాదని ఒక్కరూ అనలేదు. ఆ అబ్బాయికి దేవుడు కూడా చేతిలో మార్కుల లిస్టు పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డట్టే కనిపిస్తాడు. ఆ లిస్టు అడక్కముందే బిర్యానీ ప్యాకెట్ చేతిలో పెట్టే నాన్నను ఊహించుకోమన్నాను. "అలాంటి నాన్న ఉంటాడా మేడమ్?" అన్నాడు. ప్రసంగం చేరాల్సిన చోటు అదే.

అలాగైతే ఎలా బతికినా ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఒప్పుకోవడం వేరు, ఒప్పని చెప్పడం వేరు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీతో యేసు చెప్పిన రెండు మాటల్ని (యోహాను 8:11) అవి ఉన్న వరసలోనే చదవండి. నేను కూడా నీకు శిక్ష వేయను అన్నది మొదటిది, వెళ్లు, ఇక పాపం చేయకు అన్నది రెండోది. కొన్ని ప్రసంగాలు మొదటి మాట దగ్గరే ఆగిపోతాయి, వినడానికి హాయిగా ఉంటుంది. కొన్ని రెండోదానితో మొదలెడతాయి, విన్నవాళ్లు తల దించుకుని ఇంటికి పోతారు. యేసు రెండూ చెప్పాడు, వరస మార్చలేదు.

పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ కూడా అంతే. "లెక్కలు సరిచెయ్యి, తర్వాత నీ ఇంటికొస్తాను" అని యేసు అనలేదు. ముందు నీ ఇంట్లోనే ఉంటానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని జక్కయ్య తనంతట తనే అన్నాడు.

మా అమ్మమ్మ కాలంలో నరకం, ఉత్తరించు స్థలం (చనిపోయాక ఆత్మ శుద్ధి పొందే చోటు) గురించే చెప్పేవాళ్లట. ఇప్పుడంతా ప్రేమే. బోధ మార్చేశారా?

బోధ మారలేదు, నొక్కి చెప్పే చోటు మారింది. క్రీస్తు ఎవరి కోసం శ్రమపడలేదో అలాంటి మనిషి ఇప్పుడు లేడు, ఎప్పుడూ లేడు, ఉండబోడు అని 853లోనే ఫ్రాన్సులోని కియెర్సీలో జరిగిన సభ చెప్పింది. ఆ మాటను ఇప్పటి సత్యోపదేశ గ్రంథం (కతోలిక బోధనంతా ఒకచోట పెట్టిన పుస్తకం) కూడా ఎత్తి రాసింది. ఫ్రాన్సులో జాన్సెనిస్టులనే కఠిన బోధకుల ప్రభావంతో దేవుడంటే వణుకే ఎక్కువగా పెరిగిన 17వ శతాబ్దంలోనే పునీత మార్గరెట్ మేరీ అనే కన్యస్త్రీ ద్వారా తిరుహృదయ (యేసు హృదయం మీద) భక్తి పుంజుకుంది. మన ఇళ్లలో గోడ మీద ఉండే ఆ పటం, మొదటి శుక్రవారం పూజలు అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. అంటే మీ అమ్మమ్మ నరకం గురించి ప్రసంగం విని ఇంటికొచ్చి తిరుహృదయం పటం ముందు దీపం పెట్టేది. ప్రేమ అప్పుడూ ఇంట్లోనే ఉంది.

2005లో బెనెడిక్ట్ పాపుగారు (పోప్) తన మొదటి విశ్వలేఖకు, అంటే విశ్వాసులందరికీ రాసే లేఖకు, "దేవుడు ప్రేమ" అనే పేరు పెట్టారు. 2024 అక్టోబర్‌లో ఫ్రాన్సిస్ పాపుగారు తిరుహృదయం మీదే ఒక విశ్వలేఖ రాశారు.

నరకం ఉందనే శ్రీసభ (కతోలిక సంఘం) ఇప్పటికీ బోధిస్తుంది. అయితే 1992 నాటి సత్యోపదేశ గ్రంథం దాన్ని మనిషి తనను తాను దేవుని నుంచి శాశ్వతంగా వేరు చేసుకున్న స్థితిగా వివరిస్తుంది. దేవుడు ఎవరినీ ముందుగా నరకానికి రాసిపెట్టడు అని కూడా అందులోనే ఉంది. తలుపుకు గడియ లోపలి నుంచే అన్నమాట.

గుంటూరులో మా పక్కింటివాళ్లు లూథరన్లు. "మేము కృప వల్ల రక్షణ పొందుతాం, మీరు జపమాలలు, మొక్కులతో కొనుక్కుంటున్నారు" అంటారు. ఏం చెప్పాలి?

ముందుగా, గొడవ పడొద్దు. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి ఆ ఊళ్లో లూథరన్లు ఉన్నారు. మీ ఇంటి క్రిస్మస్ అరిసెలు వాళ్లింటికి, వాళ్లవి మీ ఇంటికి వెళ్తూనే ఉంటాయి.

తర్వాత అసలు సంగతి. కృపకు ముందు మనిషి చేసే ఏ పనీ, చివరికి విశ్వాసం కూడా, నీతిమంతుడు కావడానికి హక్కు సంపాదించిపెట్టదని 1547లో ట్రెంట్‌లో జరిగిన కతోలిక మహాసభే చెప్పింది. ఇది మన మహాసభ చెప్పిన మాట అని మనవాళ్లకే చాలామందికి తెలియదు. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక శ్రీసభ, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనల్ని అంగీకరించేది మన అర్హత వల్ల కాదు, కేవలం కృప వల్ల, క్రీస్తు రక్షణ కార్యంలో విశ్వాసం ద్వారా. ఆ కృపే మనల్ని మంచి పనులకు పంపుతుంది అని రెండు వైపులా ఒప్పుకున్నారు. తేడాలు ఇంకా ఉన్నాయి గానీ మీ పక్కింటివాళ్లు అంటున్న తేడా మాత్రం కాదు.

చిన్న సంగతి ఒకటి. వాళ్లు "కృప" అంటారు, మనం "వరప్రసాదం" అంటాం. జపమాల పట్టుకున్న ప్రతిసారీ "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అంటూ ఆ మాటనే యాభైసార్లు పలుకుతాం. ప్రసాదాన్ని కొనుక్కునేవాళ్లు ఉండరు, చెయ్యి చాపుతారు.

## తిరిగి రావాలనుకున్నప్పుడు

దేవుడు ముందే క్షమించి కూర్చుంటే పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఎందుకు?

లూకా 15లో తప్పిపోయిన కొడుకు కథను ఈసారి మెల్లగా చదవండి. పందుల దగ్గర కూర్చుని వాడు నాన్నతో చెప్పాల్సింది ముందే అనుకుంటాడు. అందులో మూడు సంగతులు ఉన్నాయి: పాపం చేశాను, నీ కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. దారంతా అదే నెమరేసుకుంటూ వస్తాడు. వాడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూస్తాడు, పరుగెత్తుతాడు, మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు. ఇదంతా వాడు నోరు తెరవకముందు జరిగింది. అంటే క్షమాపణ ఒప్పుకోలు కోసం ఆగలేదు.

అయినా కొడుకు చెప్పడం మొదలెడతాడు. "ఇప్పుడవన్నీ ఎందుకులేరా" అని తండ్రి నోరు మూయించలేదు. మొదటి మాట విన్నాడు, రెండోదీ విన్నాడు. మూడోది, ఆ కూలివాడి మాట, మాత్రం కొడుకు నోట రానే లేదు. తండ్రి అప్పటికే పనివాళ్ల వైపు తిరిగి మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు.

పాపసంకీర్తనంలో జరిగేది సరిగ్గా ఇదే. మన తప్పును మన నోటితో చెప్పుకోవడం మనకు అవసరం, లేకపోతే అది లోపలే కుళ్లుతుంది. కానీ "నేనింక కూలివాడినే" అని మన మీద మనం వేసుకున్న తీర్పును అక్కడ వినిపించుకోరు. ఫాదర్ చెప్పే పాప విమోచనం మాటలు ఆ ఉంగరం, ఆ చెప్పులు లాంటివి. ప్రేమ ముందు నుంచే ఉందని మనసుకు తెలిసినా, చెవితో వినడం వేరు.

పన్నెండేళ్లయింది పాపసంకీర్తనానికి వెళ్లి. జపాలు మర్చిపోయాను. ఫాదర్ తిడతారని టెన్షన్.

ఈ భయం నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక గురువు నన్ను జాలీ అవతల నుంచి గట్టిగా కసిరారు, బయట వరసలో ఉన్నవాళ్లకు వినిపించేలా. నాలుగేళ్లు మళ్లీ అటు వెళ్లలేదు. తర్వాత వేరే ఊళ్లో, నా ముఖం తెలియని ఒక ముసలి ఫాదర్‌గారి దగ్గర మోకరించి ఇదే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయన తరఫున నేను క్షమాపణ అడుగుతున్నానమ్మా" అన్నారు. నా పాపాల సంగతి ఆ తర్వాతే అడిగారు.

మీరు చేయాల్సింది ఇంతే. వెళ్లి "ఫాదర్, పన్నెండేళ్లయింది, ఎలా చెప్పాలో మర్చిపోయాను, సాయం చేయండి" అనండి. మిగతాది ఆయన చూసుకుంటారు. మనస్తాప జపం (పాపాలకు బాధపడుతూ చెప్పే జపం) కాగితం మీద రాసుకుని వెళ్లొచ్చు. మీరు చెప్పినది ఆయన ప్రాణం పోయినా బయట పెట్టకూడదు, అది శ్రీసభ చట్టం. తెలిసిన ఫాదర్ దగ్గర మొహమాటమైతే గుణదల మరియమాత గుడికి వెళ్లండి. తిరునాళ్ల రోజుల్లో పాపసంకీర్తనాలకు కూర్చునే గురువులు చాలామంది ఉంటారు, మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

మానేస్తానని ఒట్టు పెట్టుకుంటాను, మళ్లీ అదే. దేవుడికి విసుగు రాదా?

2013 మార్చిలో తన మొదటి ఆదివారం ప్రసంగంలోనే ఫ్రాన్సిస్ పాపుగారు దీనికి జవాబు చెప్పారు: క్షమించడంలో దేవుడు అలసిపోడు, క్షమాపణ అడగడంలో అలసిపోయేది మనమే. డెబ్బై ఏడుసార్లు క్షమించమని పేతురుకు చెప్పినవాడు తను ఎనిమిదోసారికే ఆపేస్తాడా?

అది మందు, పేకాట, ఫోన్‌లో చూసే బొమ్మలు లాంటి అలవాటైతే మాత్రం ఒక్క ప్రార్థనతోనే సరిపెట్టుకోకండి. డాక్టరు దగ్గరకో, డీఅడిక్షన్ సెంటరుకో వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు.

గర్భస్రావం చేయించుకున్నాను. ఎవరికీ తెలియదు. దీనికి కూడా క్షమాపణ ఉందా?

ఉంది. శ్రీసభ దీన్ని చాలా పెద్ద పాపంగా చూస్తుంది, ఆ మాట దాచను. కానీ పశ్చాత్తాపపడి వచ్చినవాళ్లను ఈ పాపం నుంచి విడిపించే అధికారాన్ని 2016 నవంబర్‌లో ఫ్రాన్సిస్ పాపుగారు గురువులందరికీ శాశ్వతంగా ఇచ్చారు. మేత్రాణుల (బిషప్పుల) దాకా వెళ్లక్కర్లేదు, మీకు నమ్మకమైన ఏ ఫాదర్ అయినా చాలు. దేవుని కరుణ చేరలేని పాపం, తుడవలేని పాపం లేదని ఆ లేఖలోనే రాశారు. చాలామంది ఆడవాళ్లు ఇది ఇంట్లోవాళ్ల ఒత్తిడి మీదే చేయించుకుని ఉంటారు. ఆ సంగతీ చెప్పండి, దాచుకోకండి.

మాది రెండో పెళ్లి. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకోవడానికి లేదన్నారు. అంటే దేవుడు మమ్మల్ని వద్దన్నట్టేనా?

కాదు. మీలాంటివాళ్లు శ్రీసభ నుంచి వేరుపడినట్టు భావించకూడదని సత్యోపదేశ గ్రంథమే చెబుతోంది. పూజకు రావాలని, ప్రార్థించాలని, పిల్లలను విశ్వాసంలో పెంచాలని కోరుతుంది. సత్ప్రసాదం నియమం వివాహ బంధం గురించిన బోధ నుంచి వచ్చింది, మిమ్మల్ని దేవుడు ప్రేమించే కొలత కాదది.

ఒక పని మాత్రం చేయండి. మొదటి పెళ్లి అసలు చెల్లుతుందో లేదో మేత్రాసన (బిషప్పు పరిధిలోని) న్యాయస్థానంలో అడగొచ్చు. ఆ పరిశీలనను 2015లో సులువు చేశారు. ఏళ్ల తరబడి ఊరికే కుమిలిపోతూ ఈ ఒక్క దరఖాస్తూ పెట్టనివాళ్లు నాకు చాలామంది తెలుసు.

## మొక్కులు, కష్టాలు

గుణదల మొక్కు తీర్చలేకపోయాం. అందుకే ఇంట్లో అన్నీ అడ్డం తిరుగుతున్నాయా? మేరీమాతకి కోపం వచ్చిందా?

ఫిబ్రవరి వస్తే ఈ ప్రశ్న తప్పదు. 1924లో ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి గుణదలలో మరియమాత స్వరూపం నెలకొల్పినప్పటి నుంచి జనం ఆ కొండకు వస్తూనే ఉన్నారు. ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. 1858లో ఆ రోజే లూర్దులో బెర్నదెత్‌కు మొదటి దర్శనం కలిగింది. అక్కడ మరియమ్మ ఆ పేదపిల్లను డబ్బో బంగారమో అడగలేదు, పాపుల కోసం ప్రార్థించమంది.

ఒకసారి తిరునాళ్లలో కొండ మెట్ల దగ్గర ఒక అవ్వను చూశాను. గుండు గీయించుకుని ఉంది, ఇంకా చందనం ఆరలేదు. రెండు కొబ్బరికాయలు, ఒక కొవ్వొత్తుల కట్ట. కోడలితో అంటోంది: "ఆయమ్మకి బాకీ పడకూడదే, వడ్డీ కట్టించుకుంటది." ఎంత భక్తి, ఎంత భయం! ఆ వయసులో అన్ని మెట్లెక్కే కాళ్లకు దణ్ణం పెట్టాను గానీ ఆ వడ్డీ మాటే గుచ్చుకుంది. మన దగ్గర చీటీలు పాడేవాళ్లకి లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసు. ఆ లెక్కనే కొండ మీదకి కూడా మోసుకెళ్తాం.

మొక్కు అనేది దేవునికి ఇచ్చిన మాట. తీర్చగలిగితే తీర్చాలి. కానీ అది అందుకున్న మేలుకు థాంక్స్, కట్టాల్సిన కిస్తీ కాదు. తీర్చలేని పరిస్థితి వస్తే దారి ఉంది: సొంతంగా చేసుకున్న మొక్కుబడి నుంచి తగిన కారణం ఉంటే విచారణ గురువులు విడుదల ఇవ్వొచ్చు, లేదా వేరే మంచిపనికి మార్చొచ్చు. శ్రీసభ చట్టంలోనే ఆ వీలు ఉంది. ఆటో ఇంజను చెడిపోవడానికి, మీ అమ్మాయి సంబంధం తప్పిపోవడానికి మరియమ్మ కోపం కారణం కాదు.

దేవుడు ప్రేమిస్తే బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి ఎందుకొచ్చాయి?

2024 సెప్టెంబర్ మొదటివారంలో సింగ్ నగర్ వైపు మేడ మీద పిల్లలతో కూర్చుని పడవ కోసం ఎదురుచూసిన వాళ్లు అడిగిన ప్రశ్న ఇది. దీనికి పూర్తి జవాబు నా దగ్గర ఉందని నటించను. ఒక తప్పుడు జవాబును మాత్రం తీసిపారేయగలను. నీళ్లు తగ్గాక బురద ఎత్తిపోస్తున్న ఒక ఇంటికి ప్రార్థన చేస్తామని వచ్చినాయన ఒకరు "ఇది మీ పాపాలకు దేవుడిచ్చిన హెచ్చరిక" అన్నాడట. తడిసిన బీరువాలోంచి పిల్లల సర్టిఫికెట్లు తీసి ఫ్యాను కింద ఆరబెట్టుకుంటున్న మనిషితో!

యేసు ముందు కూడా ఇలాంటి వార్తే వచ్చింది. సిలోవాములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్నవాళ్లందరికంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు (లూకా 13). పుట్టు గుడ్డివాడి విషయంలోనూ, వాడి పాపమూ కాదు, వాడి తల్లిదండ్రుల పాపమూ కాదన్నాడు. బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయి. కట్టలు, కాలవలు చూసుకోవాల్సింది మనుషులు. ఆ లెక్క మనుషుల్నే అడగాలి. దేవుడు ఎక్కడున్నాడని అడిగితే, సిలువ మీద ఉన్నాడనే మా విశ్వాసం చెబుతుంది. బాధ లేని చోట కూర్చుని మనల్ని ప్రేమిస్తున్నానని ఆయన అనలేదు.

ప్రార్థిస్తాను గానీ ఏమీ అనిపించదు. నన్ను వదిలేశాడేమో.

మదర్ తెరెసాకు దశాబ్దాల పాటు లోపలంతా చీకటే ఉండేదని ఆమె ఉత్తరాలు బయటికి వచ్చాక, 2007లో, లోకానికి తెలిసింది. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అనిపించడం, అనిపించకపోవడం ప్రేమకు రుజువులు కావు. తల్లి తన చంటిబిడ్డను మరిచినా నేను నిన్ను మరవను అని యెషయా 49:15. అయితే నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం కూడా ఉంటే డాక్టరును కలవండి. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

## ఇంట్లోను, గుడిలోను

దేవుని ముందు అందరూ సమానమే అంటారు. మరి గుడి బయట కులం ఎందుకు?

ఇది ప్రశ్న కాదు, దెబ్బ. దెబ్బ తిన్నవాళ్లకు సర్దిచెప్పే జవాబు ఇవ్వకూడదు. ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం తీసుకుని, పెళ్లి భోజనాలకు వేరే పంక్తి వేసే ఇళ్లు మన వైపు ఉన్నాయి. క్రీస్తులో యూదుడు, గ్రీకువాడు, దాసుడు, స్వతంత్రుడు అన్న తేడా లేదని పౌలు రాశాడు. గుడికి వచ్చిన ధనికుడికి మంచి కుర్చీ వేసి పేదవాణ్ని కాళ్ల దగ్గర కూర్చోమంటే అది పాపమేనని యాకోబు రాశాడు. దళిత క్రైస్తవుల పట్ల వివక్ష సంఘం లోపలే ఉందని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబర్‌లో తన విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయిన పూల అంథోనిగారు ఆ హోదా పొందిన మొదటి దళితుడు, మొదటి తెలుగువాడు. ఆ రోజు మా వాడలో స్వీట్లు పంచారు. మర్నాటి నుంచి పంక్తులు ఏమైనా మారాయా అంటే, నా కంటికి కనిపించలేదు.

దేవుని అంగీకారం గురించి ప్రసంగం చెప్పి దీన్ని దాటేస్తే ఆ ప్రసంగం సగమే.

ప్రేమ అంటే భరించడమే అంటారు. కొట్టే మొగుణ్ని కూడా భరించాలా?

అక్కర్లేదు. క్షమించడం మనసులో జరిగే పని, దెబ్బలు తింటూ అక్కడే పడి ఉండటం కాదు. మీకు గానీ పిల్లలకు గానీ ప్రమాదముంటే విడిగా ఉండటానికి శ్రీసభ చట్టమే ఒప్పుకుంటుంది. ముందు భద్రమైన చోటికి వెళ్లండి. 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

మా అబ్బాయి తను గే అని చెప్పాడు. ఇంట్లో ఉంచుకుంటే మేమూ పాపం చేసినట్టేనా?

కాదు. కొడుకుని ఇంట్లో ఉంచుకోవడం ఎప్పటికీ పాపం కాదు. స్వలింగ సంపర్కాన్ని శ్రీసభ అంగీకరించదు, ఆ బోధ అలాగే ఉంది. కానీ అలాంటి ఆకర్షణ ఉండటమే పాపం అనదు. వాళ్లను గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలని, అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ చూపకూడదని సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. మీ అబ్బాయి ఈ మాట మీకు చెప్పడానికి ఎన్ని రాత్రులు నిద్రపోకుండా ఉన్నాడో ముందు అడగండి.

గుణదలకి మా హిందూ ఫ్రెండ్స్ కూడా వస్తారు. దేవుడు వాళ్లనీ ఇంతే ప్రేమిస్తాడా?

ఇంతే ప్రేమిస్తాడు. అందరూ రక్షణ పొందాలని దేవుని కోరిక అని పౌలు తిమోతికి రాశాడు. ఇతర మతాల్లో సత్యమైనది, పవిత్రమైనది ఏదైనా ఉంటే దాన్ని శ్రీసభ తోసిపుచ్చదని రెండో వాటికన్ మహాసభ 1965లో ప్రకటించింది.

## ప్రసంగం చెప్పేవాళ్లు అడిగేవి

నేను ఉపదేశిని. ఈ ఆదివారం ఫాదర్ రావడం లేదు, దేవుని ప్రేమ మీద చెప్పమన్నారు. ఎలా చెప్పాలి?

చిన్నగా చెప్పండి. ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటకూడదని ఫ్రాన్సిస్ పాపుగారు 2024లో గురువులకే చెప్పారు. ఫ్యాన్లు తిరగని మే నెలలో అది ఇంకా తగ్గొచ్చు.

"దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు, కానీ..." అనే వాక్యం వాడకండి. విన్నవాళ్లకు "కానీ" తర్వాతదే గుర్తుంటుంది. దాని బదులు "కాబట్టి" పెట్టి చూడండి, వాక్యం మొత్తం మారిపోతుంది. ప్రేమ గురించి పది మాటలు చెప్పకుండా ఒక్క మనిషిని చూపించండి: నాణెం పోతే దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చిన ఆడమనిషి చాలు. ఆవిడ వంగిన నడుము, మంచం కింద చీపురు, మూలల్లో దుమ్ము. మన ఆడవాళ్లందరికీ ఆ పని తెలుసు. నాణెం తనంతట తాను ఏమీ చేయలేదని, వెతికింది ఆవిడేనని చెప్పి ఆపేయండి.

## చావు దగ్గర

మా తమ్ముడు ఉరేసుకున్నాడు. అలాంటివాళ్లకి మోక్షం లేదని మా బంధువులు అంటున్నారు.

ఆ మాట శ్రీసభది కాదు. 1917 నాటి శ్రీసభ చట్టంలో తెలిసి తెలిసి ప్రాణం తీసుకున్నవాళ్లకు శ్రీసభ అంత్యక్రియలు లేవని ఉండేది. మీ బంధువులు అది మనసులో పెట్టుకుని అంటున్నారు. 1983 చట్టంలో ఆ నిషేధం తీసేశారు. తీవ్రమైన మానసిక వేదన, భయం ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, వాళ్ల నిత్య రక్షణ గురించి మనం నిరాశ పడకూడదని, దేవునికి మాత్రమే తెలిసిన దారుల్లో ఆయన వాళ్లకు పశ్చాత్తాపపడే అవకాశం ఇవ్వగలడని సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. మీ తమ్ముడి పేరున పూజ చెప్పించండి. పూజకు ముందు చదివే పేర్లలో అతని పేరు గట్టిగా చదవమని అడగండి.

మా నాన్న ముప్పై ఏళ్లుగా గుడికి రాలేదు. ఇప్పుడు మంచాన పడ్డారు. ఫాదర్‌ని పిలవొచ్చా, ఏ మొహం పెట్టుకుని పిలవాలి?

పిలవండి. సిలువ మీద పక్కనున్న దొంగకు యేసు ఇచ్చిన సమయం కొన్ని గంటలే. అవస్థ అభ్యంగనం (జబ్బుపడ్డవాళ్లకు ఫాదర్ నూనె పూసి చేసే ప్రార్థన) చివరి ఊపిరి దాకా ఆగి ఇచ్చేది కాదు, జబ్బు ముదురుతున్నప్పుడే ఇవ్వొచ్చు. నాన్నగారు మాట్లాడగలిగినప్పుడు పిలిస్తే పాపసంకీర్తనం కూడా చేసుకోగలరు. ఆయన ఇష్టాన్ని ముందు అడగండి. వద్దంటే బలవంతం చేయకండి, పక్కన కూర్చుని జపమాల మాత్రం చెప్పుకోండి. ఫాదర్ వస్తే మంచం పక్కన చిన్న బల్ల మీద తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తి పెట్టి ఉంచండి. విచారణ గురువుల ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏ సందు, ఏ అంతస్తు అన్నది సరిగ్గా చెప్పండి. లిఫ్ట్ పనిచేయకపోతే ఆ సంగతీ చెప్పండి, మా ఫాదర్‌గారికి మోకాళ్ల నొప్పులు.